నల్లబల్ల మీది ఆరు

లోసేలికి తమ్ముడంటే అసూయ. తమ్ముడి పెళ్ళామంటే అసూయ. చర్చి పాటల బృందంలో గొంతు బాగున్న ప్రతి ఆడమనిషన్నా అసూయే. అయితే అవన్నీ పాతవి, ఏళ్ళ తరబడి వాడీ వాడీ అరిగిపోయినవి, వాటితో ఆమెకు పెద్ద ఇబ్బంది లేదు. యాభై రెండో ఏట కొత్తగా పుట్టుకొచ్చింది మేనకోడలు తలితా మీది అసూయ. అది మాత్రం ఆమెను నిలవనిచ్చేది కాదు, కూర్చోనిచ్చేది కాదు.

ఆక్లండ్ శివారులోని మా మాంగెరేలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. టోంగా వాళ్ళలో మేనత్త కంటే పైన ఇంకెవరున్నారు గనక? పిల్లకు మొదటి పుట్టినరోజైతే కేకు పై అంతస్తు ఆమెకే. పెళ్ళైనా చావైనా ముందు కుర్చీ ఆమెదే, మేలైన చాప ఆమెదే. ఆమె నోరు తెరిచి "అది నాకు కావాలి" అందంటే తమ్ముడింట్లో దాన్ని దాచేవాళ్ళూ ఉండరు, ఎందుకని అడిగేవాళ్ళూ ఉండరు. అన్నీ ఉన్న మేనత్త, పందొమ్మిదేళ్ళ మేనకోడల్ని చూసి కుళ్ళుకోవడమేమిటి? సిగ్గుచేటు కాదూ? సిగ్గుచేటే. లోసేలికీ ఆ సంగతి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

ఈ మంట ముప్పై మూడేళ్ళ కిందటి ఒక బుధవారం నాటిది.

లోసేలి తొమ్మిదేళ్ళప్పుడు టోంగాలోని హాపై దీవుల నుంచి ఇక్కడికి వచ్చింది. తండ్రి మోసేసే కబేళాలో పనిచేసేవాడు, సాయంత్రాలు చర్చిలో పాటలు నేర్పేవాడు. ఊళ్ళో అతన్ని మాంసం కోసేవాడని ఎవరూ అనలేదు, పాటల మోసేసే అనే అన్నారు. మావాళ్ళ పాట సరిగమల బదులు అంకెల్లో ఉంటుంది. మూడుతో మొదలై తొమ్మిదితో ముగుస్తుంది. ఒకటీ రెండూ ఏమయ్యాయని పిల్లలడిగితే, "అవి దేవుడు తన కోసం అట్టేపెట్టుకున్నాడు, మీరు మూడు నుంచి ఏడవండి" అనేవాడు మోసేసే.

ప్రతి బుధవారం సాయంత్రం చర్చి హాల్లో సాధన. తండ్రి నోటుపుస్తకంలో చూసి ఆ అంకెలన్నీ నల్లబల్ల మీద రాయడం లోసేలి పని. జనం వాటిని చూసి పాడతారు, ఎవరి కాపీ పుస్తకంలో వాళ్ళు దించుకుంటారు, పాట నోటికి వచ్చాక బల్ల తుడిచేస్తారు. లోసేలి అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఎప్పటికైనా తండ్రి తాళం చూపిస్తూ ఊపే సన్న కర్ర తన చేతికి వస్తుందని, బృందం ముందు తానే నిలబడి పాడిస్తుందని ఆ పిల్ల ఆశ.

ఆమెకు పందొమ్మిదేళ్ళప్పుడు కొత్త హాలు కట్టారు. దాని కోసం మోసేసే కొత్త పాట కట్టాడు. అప్పటికే లోసేలి విమానాశ్రయం దగ్గర లాండ్రీలో చేరింది. విమానాల్లో జనం కప్పుకుని పడేసిన దుప్పట్లు పొద్దున్నుంచి మడతపెట్టి, చేతులు పడిపోయి, సరాసరి చర్చికి వచ్చి సుద్దముక్క పట్టుకుంది. మూడో వరుస చివర తండ్రి పుస్తకంలో ఐదు ఉంది. బల్ల మీద ఆమె ఆరు వేసింది.

ఐదైతే పాట ఇంటికి చేరి చెప్పులు విడిచినట్టు ఉంటుంది. ఆరైతే గుమ్మం దగ్గరే నిలబడిపోయి లోపలికి చూస్తున్నట్టు ఉంటుంది. నలభై మంది గొంతులూ వచ్చి ఆ ఆరు మీద నిలబడిపోయాయి. మోసేసే చేతిలో కర్ర గాలిలో ఆగిపోయింది. బల్లను చూశాడు. కూతుర్ని చూశాడు. 

"మళ్ళీ పాడండి," అన్నాడు.

మళ్ళీ పాడారు. వెనక వరసలో ముసలివాళ్ళు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. దీవిలో వదిలేసి వచ్చినవాళ్ళంతా ఆ ఒక్క అంకె దగ్గర గుర్తొచ్చారట.

"అలాగే ఉండనివ్వండి," అన్నాడు మోసేసే.

అంతే. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఒక్క మాట లేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ లేదు. పాట మాత్రం మాంగెరే దాటింది, ఆక్లండ్ దాటింది, సిడ్నీ చర్చిల్లో కూడా పాడారు. "మోసేసే వేసిన ఆరు" అని చెప్పుకున్నారు జనం. లోసేలి వింది. తండ్రి ఎదురుగా కూర్చుని ఉండగా అది నాది అని ఏ కూతురంటుంది? చేయి జారి వేసిందో, కావాలనే వేసిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఏళ్ళు గడిచినకొద్దీ కావాలనే వేశానని గట్టిగా నమ్మింది.

తండ్రిని చివరిదాకా చూసుకున్నది ఆమే. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నాన్నకు స్నానం ఎవరు చేయిస్తారంది. నాలుగేళ్ళ కిందట ఆయన పోయాక కర్ర మాత్రం తమ్ముడు సేమిసి చేతికి వెళ్ళింది. సేమిసికి తాళం నిలవదు, చేయి మాత్రం దర్జాగా ఊపుతాడు. లోసేలి నల్లబల్ల దగ్గరే ఉండిపోయింది.

ఇదిగో, అప్పుడు వచ్చింది తలితా.

సేమిసి కూతురు. ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. టోంగా మాట్లాడితే నత్తినత్తిగా వస్తుంది గానీ రాస్తే వదలదు. గ్రంథాలయంలో గురువారాలు కుర్రకారంతా కూడి రాసుకుంటారు. మాసినా అని ఒక సమోవా ఆవిడ వాళ్ళకు పెద్ద. ఈ వీధుల పాటల గురించి వాళ్ళంతా కలిసి ఒక పుస్తకం వేస్తున్నారు. ఒకడు గరాజుల్లో పుట్టిన తన మామ ర్యాప్ గురించి, ఒక కుక్ దీవుల పిల్ల శనివారం సంత వెనక మోగే చెక్క డోళ్ళ గురించి రాస్తున్నారు. తలితా తాత పాట గురించి రాస్తానంది.

మూడు వారాలు అత్త ఇంటి చుట్టూ తిరిగింది. అత్త కేకెలనే పిండి ఉండలు వేయించి పెడితే వేడివేడిగా తింటూ ప్రశ్నలు. తాత ఎలా నిలబడేవాడు, బల్ల ఎవరు తుడిచేవాళ్ళు, సుద్ద ఎక్కడ కొనేవాళ్ళు. లోసేలికి భలే సంతోషమేసింది. ముప్పై ఏళ్ళలో ఆమెను ఇన్ని ప్రశ్నలడిగినవాళ్ళు లేరు. తాత నోటుపుస్తకం ఇచ్చింది, తన పాత కాపీ పుస్తకం ఇచ్చింది. ఆరు సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అదే అడుగుతుందిలే అనుకుంది. పిల్ల అడగలేదు.

తర్వాత మొదలయ్యాయి మెచ్చుకోళ్ళు. ఒక ఆదివారం పాస్టరు ప్రసంగం మధ్యలో, "మన తలితా మన పాటల చరిత్ర రాసింది" అన్నాడు. బయట ఆడవాళ్ళంతా పిల్ల బుగ్గలు పుణికారు. తమ్ముడి పెళ్ళాం ఫిఫితా అయితే పండగనాడు మావాళ్ళు కొత్త చాప నడుముకు చుట్టినట్టు ఆ పొగడ్తను చుట్టుకుని తిరిగింది.

"చూశావా వదినా, మా అమ్మాయి నిన్న రేడియోలో కూడా మాట్లాడింది," అంది ఫిఫితా.

"విన్నాను. టోంగా మాటలు మూడు చెప్పి రెండు తప్పింది," అంది లోసేలి.

"రాసేది ఇంగ్లీషులోనే కదా."

"అందుకే బతికిపోయింది."

ఆ శనివారం తలితా రాసిన కాగితాలు తెచ్చి అందరికంటే ముందు అత్త చేతిలోనే పెట్టింది. అచ్చుకు వెళ్ళేలోపు మీరు చూడాలంది. లోసేలి కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి పేజీలో ఇలా ఉంది: "మీ ఊరేదని అడిగితే పెద్దవాళ్ళు దీవి పేరు చెప్తారు, నేను వీధి పేరు చెప్తాను. పాటల మోసేసే ఒక అంకె చెప్పేవాడట. మోసేసే వేసిన ఆరు గురించి మాంగెరేలో తెలియనివాళ్ళు లేరు."

అక్కడితో ఆగిపోయింది లోసేలి. ఆ ఆరు మళ్ళీ ఆయనకే పోయిందా? ఇంతకాలం నోటి మాటగా పోయింది, ఇక అచ్చులో పోతుందా? తన కేకెలు తిని, తన పుస్తకం పట్టుకుపోయి, చివరికి రాసింది ఇదా? కాగితాలు బోర్లించి పెట్టింది.

"కళ్ళజోడు పాతబడింది. నింపాదిగా చదువుతాలే."

"చివరిదాకా చదవండి అత్తా," అంది తలితా, ఆమె ముఖంలోకి చూస్తూ.

ఆమె చదవలేదు. కాగితాలు పట్టుకున్నప్పుడల్లా ఆ మొదటి పేజీయే ఒళ్ళు మండించింది. ఆ రాత బాగుండడం ఇంకా మండించింది. వీధి పేరు, దీవి పేరు, అంకె. అలాంటి మాట తనకెందుకు తట్టలేదు?

మర్నాడు చర్చి అయ్యాక సేమిసి ఇంట్లో భోజనాలు. నేలలో తవ్విన ఉమూ పొయ్యిలోంచి తీసిన చేమదుంపలు, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన మాంసం. లోసేలి బల్ల చివర తన కుర్చీలో కూర్చుంది. తలితా వడ్డిస్తోంది. ఫిఫితా మళ్ళీ పుస్తకం సంగతి ఎత్తింది, ఆవిష్కరణకు ఏం కట్టుకోవాలో అంది.

లోసేలి చేయి తుడుచుకుంది.

"సేమిసీ, నీ ఇంట్లో నేనింతవరకు నోరు విడిచి ఏదైనా అడిగానా?"

"లేదక్కా."

"పిల్ల మొదటి పుట్టినరోజుకు నార బట్ట మీరే ఇచ్చారు, నేనడగలేదు. నాన్న పోయినప్పుడు చాపలు మీరే ఇచ్చారు."

"అవునక్కా. ఏం కావాలి?"

"తలితా రాసింది నాకు కావాలి. దాని మీద నా పేరుండాలి."

ఫిఫితా చేతిలో చెంచా గిన్నెకు తగిలి మోగింది. చాపలడిగిన మేనత్తలున్నారు, పందులడిగినవాళ్ళున్నారు, పిల్లను పెంచుకుంటానని అడిగి తీసుకుపోయినవాళ్ళూ ఉన్నారు. రాసిన కాగితం అడిగినదాన్ని మాంగెరేలో ఎవరూ చూడలేదు.

"అది దాని రాత కదా వదినా..." అంది ఫిఫితా.

"నువ్వుండు," అన్నాడు సేమిసి. పళ్ళెంలోంచి తలెత్తలేదు. "అక్క అడిగింది. తలితా, ఇచ్చెయ్."

తలితా చేతిలో దుంపల గిన్నె అలాగే ఉంది. ముఖం పాలిపోయింది. అత్త వైపు తిరిగి అడిగింది, "అత్తా, చివరిదాకా చదివారా?"

"చదివాను," అంది లోసేలి. చదివానన్నది పచ్చి అబద్ధం.

పిల్ల ఏదో అర్థమైనట్టు తలాడించింది. "చదివి కూడా కావాలన్నారంటే... సరే అత్తా. మీదే. అందులో ఏం ఉంచుకుంటారో, ఏం తీసేస్తారో మీ ఇష్టం." గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది.

రెండు రోజులకు మాసినా ఫోను చేసింది. ఆమె సమోవా మనిషి, పెద్దత్తల సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. గొంతులో మర్యాద అంతా పెట్టుకుని మాట్లాడింది.

"లోసేలిగారూ, ఆ వ్యాసం మీదేనని తలితా చెప్పింది. పేరు మార్చమంది."

"నాదే."

"మంచిదండీ. కాకపోతే ఇది పాతికేళ్ళలోపు వాళ్ళ పుస్తకం. మీ వయసు ఎంతని వెయ్యమంటారు?"

"అది రాసినదాని వయసెంతో అంతే వెయ్యండి."

మాసినా నవ్విందో దగ్గిందో తెలియలేదు. "ఏమైనా మార్పులున్నాయా?"

"ఏమీ లేవు. ఉన్నదున్నట్టు వెయ్యండి," అంది లోసేలి. ఫోను పెట్టేసి ఆ రోజు మూడు వందల దుప్పట్లు ఈలవేస్తూ మడతపెట్టింది.

ఆవిష్కరణ శనివారం పొద్దున గ్రంథాలయం పక్క హాల్లో. కుక్ దీవుల పిల్లలు డోళ్ళు వాయించారు, గరాజు మామ నిజంగానే వచ్చి నాలుగు ముక్కలు గడగడా పాడాడు. వెనకాల చర్చి పాటల బృందం తెల్లబట్టల్లో నిలబడింది. సేమిసి చేతిలో కర్ర ఉంది. తలితా ఓ మూల పుచ్చకాయ, కొబ్బరి కలిపిన ఓటాయి గ్లాసుల్లో పోస్తోంది. లోసేలి నడుముకు తల్లి చాప చుట్టుకుని, జుట్టుకు నూనె రాసుకుని ముందువరసలో కూర్చుంది. ఒళ్ళో కొత్త పుస్తకం. లోపల ఆమె పేరు. ఆ పేరు మీద వేలు పెట్టి నాలుగుసార్లు చూసుకుంది, పేజీ తిప్పలేదు. ఫోటో తీస్తారని మాత్రమే అనుకుంది.

మాసినా మైకులో, "ఇప్పుడు రచయితలు ఒక్కొక్కరు తమది చదువుతారు. పెద్దావిడతో మొదలుపెడదాం" అంది.

లేవక తప్పలేదు. లోసేలి గొంతు గట్టిది, చర్చిలో బైబిలు చదివిన అనుభవముంది. మొదటి పేజీ దర్జాగా చదివింది. "దీవి పేరు, వీధి పేరు, అంకె" దగ్గర జనం ఆహా అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఆమెకు తేనెలా ఎక్కింది. పేజీ తిప్పింది.

"అందరూ మోసేసే వేసిన ఆరు అంటారు. మోసేసే నోటుపుస్తకంలో అక్కడ ఐదు ఉంది. మూడుసార్లు చూశాను. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఆరు జనం పుస్తకాల్లోకి ఎక్కింది నల్లబల్ల మీంచి, ఆ రోజు ఆ బల్ల మీద రాసినది ఒక్క మనిషే. ఆమె మా మేనత్త. ఆ ఆరు మోసేసేది కాదు. మా మేనత్తది."

చదువుతున్న నోటికి ఏం చదువుతోందో ఆలస్యంగా తెలిసింది. హాలంతా గుసగుసలు. ముందువరసలో, పాటల సాధనకు ఎన్నడూ రాని ఒక ముసలావిడ పక్కావిడ చెవిలో గట్టిగానే అంది, "లోసేలికి మేనత్తంటే మోసేసే చెల్లెలు, చనిపోయిన సూలియానాయే కదూ?"

"ఆవిడే అయ్యుంటుంది. పాపం, ఎవరికీ తెలియకుండా పోయింది."

"ఎంత మంచి మనసు ఈ లోసేలిది, మేనత్త పేరు నిలబెట్టింది."

ఎవరో కళ్ళొత్తుకున్నారు. లోసేలి చదవడం ఆపింది. సూలియానా? ప్రతి ఆదివారం మూడో పాటకు గురకపెట్టే సూలియానా? మూడుకూ తొమ్మిదికీ తేడా తెలియని మనిషికి తన ఆరు పోతోంది. పోయినావిడ మీద కూడా ఒక్క క్షణం కడుపు భగ్గుమంది. పోగొట్టింది ఎవరు మరి? ముప్పై మూడేళ్ళుగా ఎవరో ఒకరు చెప్పాలని ఎదురుచూసిన మాటను ఒక పిల్ల వెతికి, పోల్చి, రాసి, తెచ్చి చేతిలో పెట్టింది. తను దాన్ని అడిగి లాక్కుని దాని మీద తన పేరే వేసుకుంది.

ఇప్పుడు "ఆ మేనత్తను నేనే" అనొచ్చు. అంటే ఏమవుతుంది? తన గొప్ప తానే రాసుకుని తానే చదువుకున్న ముసల్ది అవుతుంది. ఊరుకుంటే ఆ గొప్ప సూలియానాకు పోతుంది. లోసేలి తలెత్తి మూల వైపు చూసింది. తలితా గ్లాసుల వైపే చూస్తోంది, చేయి మాత్రం పోయడం ఆపేసింది.

"ఇది నేను రాసింది కాదు," అంది లోసేలి మైకులో.



"నా మేనకోడలు రాసింది. నేను అడిగి తీసుకున్నాను. చదవకుండా తీసుకున్నాను. తలితా, ఇలా రా."

తలితా కదల్లేదు. తండ్రి వైపు చూసింది. సేమిసి నేల చూపులు చూస్తున్నాడు.

"ఇచ్చింది తిరిగి పుచ్చుకోకూడదు అత్తా," అంది పిల్ల అక్కడి నుంచే.

"తిరిగి ఎవరిస్తున్నారు? చదవమంటున్నాను. నా కళ్ళజోడు పాతబడిందని చెప్పానుగా."

ఎవరో ఫక్కున నవ్వారు. తలితా చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చింది. పుస్తకం అందుకుంది. లోసేలి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. నడుము చుట్టూ చాప సర్దుకుంది.

పుస్తకంలో ఈ రోజుకీ లోసేలి పేరే ఉంది. అచ్చయినవి అచ్చయినట్టే ఉన్నాయి. ఆ పొద్దున హాల్లో లేనివాళ్ళు అది చదివి సూలియానా కోసం బాధపడుతూనే ఉంటారు, లోసేలి ఎన్నాళ్ళు బతికినా దాన్ని దిద్దలేదు. హాల్లో ఉన్నవాళ్ళు మాత్రం విన్నారు.

"ఆమె మా మేనత్త," అని మళ్ళీ చదివింది తలితా. ఈసారి హాల్లోని తలలన్నీ ముందువరస కుర్చీ వైపు తిరిగాయి. "మోసేసే ఆ రోజు అలాగే ఉండనివ్వమన్నాడు గానీ, అది ఎవరిదో చెప్పలేదు. అత్త కూడా చెప్పలేదు. మూడు వారాలు ఆమె దగ్గర కూర్చుని అన్నీ అడిగాను, ఇదొక్కటి అడగలేదు. తనంతట తను చెబుతుందని చూశాను. ఆమె చెప్పలేదు గనక నేను చెబుతున్నాను."

వెనక సేమిసి కర్ర ఎత్తాడు. ఎప్పటిలాగే తాళం కాస్త తప్పాడు. బృందం మూడో వరుస చివరికి వచ్చి ఆరు మీద నిలబడింది, గుమ్మం దగ్గర ఆగిపోయినట్టు.

పాట అయ్యాక తలితా మిగిలిన పేజీలు చదివింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో దానికి బాగా తెలుసు. తనకంటే బాగా చదువుతోందని లోసేలి గమనించింది. కడుపులో మళ్ళీ చిన్నగా మండింది. ముఖం పక్కకు తిప్పుకోలేదు. చివరిదాకా విన్నది.